గోరువెచ్చన

మా మరిది సురేంద్ర ప్రేమ కాలేషా హోటల్లో, ఒక ప్లేటు ఖుష్కా దగ్గర ముగిసిపోవలసింది. ముగియలేదంటే సగం పుణ్యం కాలేషాది. మిగతా సగం సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సురేంద్ర మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పలకల ఫ్యాక్టరీ అన్న పేరే గానీ, పిల్లలు రాసుకునే పలకలు అక్కడ ఎప్పుడో తగ్గిపోయాయి. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో గోడలకు అంటించుకునే రాళ్ళు కోస్తారు. నల్ల రాయిని ఒక పక్క, బూడిదరంగు రాయిని ఒక పక్క, ఇనుము తుప్పులాంటి ఎర్ర చార ఉన్నదాన్ని మరో పక్క పేర్పించడం మావాడి ఉద్యోగం. ఎనిమిదేళ్ళు అట్లా రంగులు వేరుచేసీ చేసీ, మనిషికి మాట తగ్గి చూపు పెరిగింది. ముప్పై ఒకటో ఏట ఆ చూపు ఒక షేరాటోలో కూర్చున్న అమ్మాయి మీద పడింది.

ఆ అమ్మాయి పేరు దుర్గాదేవి. ఊరు గిద్దలూరు. మార్కాపురంలో కళ్ళద్దాల దుకాణంలో పని. పొద్దున రైలుకు వచ్చి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటో ఎక్కి ఊళ్ళోకి వస్తుంది. మా సురేంద్రకు బైకుంది. ఫ్యాక్టరీకి బైకు మీద పోతే ఏడు నిమిషాలు. ఆమెను చూసిన మర్నాటి నుంచి వాడు ఏం చేశాడంటే, బైకు మీద స్టేషన్‌కు పోయి, అక్కడ స్టాండులో బండి పెట్టి, ఆమె ఎక్కిన ఆటో ఎక్కి ఊళ్ళోకి వచ్చి, ఫ్యాక్టరీ దగ్గర దిగేవాడు. సాయంత్రం మళ్ళీ ఆటోలో స్టేషన్‌కు పోయి బండి తెచ్చుకునేవాడు. ఇదంతా నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అప్పటికి వాడి ముక్కు మీదికి కళ్ళద్దాలు కూడా వచ్చాయి. మూడుసార్లు కళ్ళు చూపించుకున్నాడట. మూడుసార్లూ చూపు బ్రహ్మాండంగా ఉందని ఆమే చెప్పిందట. అయినా ఏదో ఒకటి ఇమ్మంటే ఉత్త అద్దాలు పెట్టి ఇచ్చింది.

"ఎండకు మంచిదంట ఒదినా," అన్నాడు నాతో.

"మార్గశిరంలో ఎండేందిరా?"

వాడు అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కాసేపటికి వాడే చెప్పాడు. "ఒదినా, ఆ బండి గిద్దలూరు నుంచి వస్తాదని అందరూ అనుకుంటారు గానీ, కాదు. మంచులోంచి వస్తాది. ముందు కూత వినపడతాది. బండి కనపడదు. ఇంకా రాలేదులే అనుకునేలోపల ఆమె మెట్లు దిగుతా ఉంటాది. చున్నీ మీద నీటిబొట్లు ఉంటాయి. కంభం కాడ కిటికీ తెరుస్తాదంట, చెరువు కోసరం."

నేనీ ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ళలో వాడు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. రాళ్ళు చూసే మనిషి నీటిబొట్లు చూడడం మొదలుపెట్టాడంటే ఇక మనం చెప్పేదేం లేదు. నేను అన్నం వడ్డించి ఊరుకున్నాను.

మార్కాపురంలో ఒక ఆడపిల్లా మగపిల్లాడూ కూర్చుని మాట్లాడుకునే చోట్లు చాలా తక్కువ. గుడి ఉంది, కానీ అక్కడ మా అత్త స్నేహితురాళ్ళుంటారు. బేకరీ ఉంది. బేకరీలో ఆమె మొదటి రోజే ఎగ్ పఫ్ వద్దంది. కేకు వద్దంది. కారప్పూసతో టీ తాగింది. మావాడు అది మొహమాటం అనుకున్నాడు. వారం తర్వాత పెద్ద మనసు చేసుకుని కాలేషా హోటల్‌కు తీసుకుపోయాడు. బిరియానీకి మా ఊళ్ళో అంతకు మించిన చోటు లేదు. అక్కడ కూర్చున్నాక ఆమె చెప్పింది, మాంసం తినను, గుడ్డు కూడా తినను అని. అంత తెలివైన మావాడు దానికీ ఉపాయం ఆలోచించాడు.

"మామా, ఒక మటన్, ఒక ఖుష్కా," అన్నాడు.

కాలేషా మావాణ్ణి నిక్కర్లప్పటి నుంచీ ఎరుగును. గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

"ఖుష్కా ఎవరికి?"

"ఈమెకు. మాంసం తినదు."

"పాతికేళ్ళు నా చేతి తిండి తిన్నావు. నీకు తెలిసింది ఇంతేనా అల్లుడా?" అన్నాడు కాలేషా. "ఖుష్కా అంటే మాంసం లేని అన్నం కాదు. మాంసం నీ ప్లేటులోకి రాని అన్నం. ఉడికిందంతా ఒకే డేక్షాలో." అని ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, మీరు తినబాకండి. పది నిమిషాలు కూర్చోండి."

వెనకనే ఇల్లు. లోపల చాంద్బీ కొత్త గిన్నె తీసి టమోటా అన్నం వండి పంపింది. మావాడి ముందు మటన్ బిరియానీ, ఆమె ముందు టమోటా అన్నం. ఆమె తింటోంది. వాడు తినలేదు.

"ఏమన్నా అన్నదా ఏంది?" అని అడిగాను తర్వాత.

"ఏం అనలా. తినండి, చల్లారిపోతాది అనింది. ఏమన్నా అనుంటే తినేవాణ్ణి."

ఆ రోజు పార్శిల్ కట్టించి తెచ్చిన బిరియానీ నేనూ మా ఆయనా తిన్నాం. నేను మాంసం బాగా తింటాను. ఈ కథలో నేను చేసిన పని చూసి ఎవరైనా నన్ను సాధువుల్లో కలపబోతే, ముందే చెబుతున్నాను, కలపవద్దు.

సంగతి ఇంట్లో చెప్పక తప్పలేదు. మా అత్త బయ్యమ్మ అన్నీ విని, ఆఖరి సంగతి దగ్గర ఆగింది.

"మాంసం తినదా? బ్రాహ్మలా?"

"కాదత్తా."

"కోమట్లా?"

"కాదు. మనోళ్ళే. వాళ్ళ అమ్మా నాయనా అందరూ తింటారు."

"మాల గీల ఏసుకుందా?"

"లేదు."

"మొక్కా? ఎన్ని వారాలు?"

"మొక్కు కాదత్తా. తినదంతే."

మా అత్త చాలాసేపు ఆలోచించింది. మా వైపు మనిషి మాంసం మానడానికి మూడే కారణాలు. కులం, వారం, జబ్బు. "పోనీ ఒంట్లో ఏమన్నా బాగలేదేమో, పాపం," అని, చివరికి తనే సర్దుకుంది. "మనం మాత్రం తింటన్నామా? సోమవారం శివుడిది. గురువారం బాబాది. శనివారం చెన్నకేశవుడిది. మూడు రోజులు మనమూ ముట్టం. ఆ పిల్ల మిగిలిన నాలుగు రోజులు కూడా ఎవరో ఒక దేవుడికి ఇచ్చిందనుకుంటే సరిపాయె."

ఇంత సులువుగా గండం గడిచిందని సురేంద్ర ఆ పూట ఉత్త అద్దాలు తీసేసి మరీ నవ్వాడు. కానీ అసలు గండం పెరట్లో గడ్డి నములుతోంది.

రెండేళ్ళ కిందట, సురేంద్రకు ఎనిమిదో సంబంధం తప్పిపోయినప్పుడు, మా అత్త అంకమ్మకు మొక్కుకుంది. కొనకనమిట్ల దగ్గర మా కందిచేను గట్టున, వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి ఉంటుంది. అదే మా అంకమ్మ. వీడికి సంబంధం కుదిరితే, ముహూర్తం పెట్టుకునే లోపల పొట్టేలును ఇస్తానని మొక్కు. మొక్కిన వారంలోనే ఒక గొర్రెపిల్లను కొనుక్కొచ్చి పెరట్లో కట్టింది. అప్పుడది పిల్లి కంటే కొంచెం పెద్దది.

దానికి పేరు పెట్టకూడదని మా అత్త నియమం. పేరు పెడితే కోయలేమట. అందుకని "ఒరేయ్" అని పిలిచేది. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు. వాళ్ళు ఒరేయ్ అంటే ఏనాడూ పలకలేదు. పొట్టేలు పలికేది. సీరియల్ టైముకు వచ్చి గడప మీద గడ్డం ఆనించి పడుకునేది. మా అత్త కాయలు కోసి ఎండబెట్టిన వేరుశనగ కట్టె మేపుతూ, సీరియల్లో అత్తలు చేసే తప్పులన్నీ దానికి వివరంగా చెప్పేది. దానికి కొమ్ములొచ్చాయి. ఉన్ని దట్టంగా, ముదురు బెల్లం రంగులో వచ్చింది.

దుర్గాదేవి మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఒక ఆదివారం మధ్యాహ్నం. పేరు విని నేనేదో ఊహించుకున్నాను గానీ, మనిషి సన్నగా, నిదానంగా ఉంది. నిద్రలోంచి అప్పుడే లేచివచ్చినట్టు చూస్తుంది. దోసకాయ పప్పు రెండుసార్లు వేయించుకుని తింది. తిన్నాక పెరట్లోకి పోయి మెట్టు మీద కూర్చుంది. పొట్టేలు వచ్చి వాసన చూసి, ఆమె చున్నీ కొస నోట్లో పెట్టుకుంది. ఆమె లాక్కోలేదు.

నేను గిన్నెలు తోముతూ అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "ఎందుకు మానేసినావమ్మా? నిజంగా చెప్పు."

"చెబితే నవ్వుతారక్కా."

"నవ్వు వస్తే అటు తిరిగి నవ్వుతాలే."

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాయన గిద్దలూరు సంతలో కోడిని కొన్నాడు. ఆటోలో చోటు లేక నా ఒళ్ళో పెట్టినాడు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు దాకా గంట. కాసేపు కొట్టుకుంది. తర్వాత నా ఒళ్ళోనే నిద్రపోయింది. తల ఇట్ల నా చేతి మీద పెట్టి. ఇంటికి పోయినాక కూరైంది." ఆమె చున్నీ కొసను పొట్టేలు నోట్లోంచి మెల్లగా విడిపించింది. "నాకేం ఏడుపు రాలా. అన్నం ముందర కూర్చుంటే ఒళ్ళో మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. ఇప్పటికీ ఉంది. అంతే అక్కా. పెద్ద కారణమేం కాదు."

నేను అటు తిరిగాను గానీ, నవ్వు రాలేదు.

"దీన్ని ఎందుకు సాకుతున్నారు?" అని అడిగింది ఆమె, పొట్టేలు నుదురు నిమురుతూ.

చెప్పాల్సి వచ్చింది. వెళ్ళేటప్పుడు మా అత్త కాళ్ళకు దండం పెట్టి వెళ్ళింది. ఆ రాత్రి ఫోన్లో సురేంద్రకు చెప్పింది. మీరు తినండి, మీ ఇంట్లో వండుకోండి, నేనేమీ అనను. కానీ మన పెళ్ళి పేరు చెప్పి ఆ పొట్టేలును కోస్తే నేను రాను. ఆ పెళ్ళి నాకొద్దు.

ఆమె అరవలేదట, ఏడవలేదట. బండి ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పిందట. అందుకే సురేంద్ర భయపడిపోయాడు.

"నువ్వేం చెప్పినావు?" అన్నాను.

"నేను చూసుకుంటా అని చెప్పినా."

"ఎట్ల చూసుకుంటావు?"

"నీకు చెప్పినా కదా ఒదినా."

చూసుకోవడం అంటే అదీ. మావాడు రాయి మీద చార చూసి అది ఎక్కడ పగులుతుందో చెప్పగలడు. వాళ్ళమ్మతో ఒక మాట చెప్పలేడు. సరే, నేనే మొదలుపెట్టాను. అత్త ఒడియాలు పెడుతుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తా, చాలామంది ఇప్పుడు గుమ్మడికాయ కొడుతున్నారంట. అమ్మ ఏమీ అనుకోదంట."

"మాంసం వండినా రమ్మని నిన్ను పిలిచి గుమ్మడికాయ పెడితే నువ్వేమనుకుంటావు?"

నేను నిజాయితీగా ఆలోచించాను. "బాగా అనుకుంటా అత్తా."

"మరి ఆమె అనుకోదా? నోటితో ఇచ్చిన మాట." గొంతు తగ్గించింది. "ఎనిమిది సంబంధాలు పోయినాయి. ఇది తొమ్మిదోది. వాడు రాత్రిపూట గోడకు తిరిగి పడుకుంటాడు, నేను చూడలేదనుకుంటన్నావా? మొక్కు ఎగ్గొట్టి ఇది కూడా పోతే, నేనెవరికి చెప్పుకోవాల?"

ఇచ్చినా పోతుందత్తా అని చెప్పడానికి నోరు తెరిచి, మూశాను. చెబితే ఆ అమ్మాయి అత్తను బెదిరించినట్టవుతుంది. చెప్పకపోతే పెళ్ళే ఉండదు. ఒడియాలు మాత్రం చక్కగా వచ్చాయి.

పుష్యమాసంలో రెండో ఆదివారం మొక్కు అని ఖాయమైంది. దుర్గాదేవి వాళ్ళ అమ్మా నాయనా వస్తామన్నారు. వాళ్ళ నాయన తొడ ముక్క తనకు ఉంచమని ముందే కబురు పంపాడు. దుర్గాదేవి రానంది. ఎందుకో వాళ్ళకూ చెప్పలేదు.

శనివారం రాత్రి నాకొక కల వచ్చింది. షేరాటోలో నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో దుర్గాదేవి, ఆమె ఒళ్ళో పొట్టేలు. అంత పెద్ద పొట్టేలు కోడంత అయి, తల ఆమె చేతి మీద పెట్టి నిద్రపోతోంది. చుట్టూ మంచు. ఎంత దూరం పోయినా ఊరు రావడం లేదు. రాకపోతే బాగుండునని నేనూ అనుకుంటున్నాను. మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. మా ఆయన దుప్పటంతా లాక్కుని పడుకున్నాడు. ఒళ్ళంతా చలి. లేచి మొహం కడుక్కుంటే నీళ్ళు తగిలి ఒళ్ళు జలదరించింది. అప్పుడే నాకా ఆలోచన వచ్చింది.

మా వైపు ఆచారం తెలియనివాళ్ళకు ఇక్కడొక సంగతి చెప్పాలి. అమ్మవారికి జీవాన్ని ఊరికే కోయరు. ముందు దాని నడ్డి మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు దులపాలి. దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. మూడుసార్లు పోసినా దులపకపోతే అమ్మకు వద్దన్నట్టు. అట్లా వద్దన్న సందర్భం మా చేలో ఎవరికీ గుర్తు లేదు. చల్లనీళ్ళు పడితే ఏ జీవమైనా ఒళ్ళు దులుపుతుంది. అమ్మకు ఒప్పుకోవడం తప్ప వేరే దారి ఎవరూ ఉంచలేదు.

చిన్న ట్రాలీలో గిన్నెలు, కట్టెలు, రాత్రే నింపిపెట్టిన నీళ్ళ బిందెలు, వాటి మధ్య నిలబడి పొట్టేలు. చేను చేరేసరికి ఏడు. మంచు కంది మొక్కల భుజాల దాకా ఉంది. పసుప్పచ్చ పూలు, కాయలు పైన తేలుతున్నాయి. వేపచెట్టు మొదలు కనపడదు, కొమ్మలు మాత్రం కనపడతాయి. మాటలు కూడా దూది చుట్టినట్టు వినిపిస్తున్నాయి. ఇంకా ఎవరూ సరిగ్గా నిద్ర లేవలేదనీ, ఈ చేనూ మేమూ అంతా ఇంకొకరి కలలో ఉన్నామనీ అనిపించింది. పొట్టేలు నింపాదిగా రెండు కందికాయలు కొరికింది.

కోసే పని యల్లయ్యది. ఆయన కత్తి నూరుకుంటూ ఒక పక్క కూర్చున్నాడు. దుర్గాదేవి అమ్మానాయనా కంబళి కప్పుకుని వచ్చారు. సురేంద్ర గట్టు మీద నిలబడ్డాడు. అక్కడొక్కచోటే ఫోన్‌కు సిగ్నల్ వస్తుంది. మంచులో వాడి అద్దాలు తెల్లగా అయిపోయి, గుడ్డివాడిలా ఉన్నాడు.

నా పని పొయ్యి. మూడు రాళ్ళ మీద ఎసరు పెట్టాను. పసుపునీళ్ళు కలిపే పని కూడా నాదే. పెద్ద గిన్నెలోకి బిందె వంచాను. ఆ నీళ్ళలో వేలు పెడితే కొరికినట్టుంది. అందరూ రాయికి పసుపు పూస్తుండగా ఎసట్లోంచి రెండు చెంబుల మరిగే నీళ్ళు తీసి గిన్నెలో పోశాను. పసుపు వేశాను. మోచెయ్యి ముంచి చూశాను. ఇద్దరు పిల్లలకు నీళ్ళు పోసిన మోచెయ్యి అది. చంటిపిల్లకు సరిపోయేంత ఉంది. ఆవిరి కనపడుతుందేమోనని వేపరెమ్మ పైన పెట్టాను. ఆ మంచులో ఏది ఆవిరో ఏది మంచో ఎవరికి తెలుస్తుంది.

మెడలో వేపమండలు, నుదుట కుంకుమతో పొట్టేలు వచ్చి నిలబడింది. నేను గిన్నె తెచ్చి మా అత్త ముందు పెట్టాను. అందులో చెంబు ముంచి పోయాల్సింది ఆమె. నేను లెక్కలో వేసుకోనిది అదొక్కటే.

మా అత్త చెంబు ముంచింది. చెంబుతో పాటు చెయ్యి మునిగింది. మునిగిన చెయ్యి అక్కడే ఆగింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను కందికాయలు చూశాను. ఈ సంవత్సరం కాపు బాగుంది. ఒక్కో కాయలో నాలుగు గింజలు.

ఆమె చెంబు పైకి తీసి, ఏమీ అనకుండా, పొట్టేలు నడ్డి మీద నిదానంగా పోసింది.

పొట్టేలు దులపలేదు. కళ్ళు సగం మూసింది. తలంటుకు కూర్చున్న పెద్దమనిషిలాగా మెడ కొంచెం ముందుకు చాచింది.

"అమ్మా అంకమ్మా," అన్నారు అందరూ.

రెండో చెంబు. ఉన్నిలోంచి సన్నగా ఆవిరి లేచింది. మంచులో కలిసింది. దులపలేదు. అప్పుడు కొండల వైపు నుంచి గాలి వచ్చింది. కంది మొక్కలన్నీ ఒకసారి వంగాయి. తడిసిన ఉన్ని చల్లబడుతోంది కాబోలు, పొట్టేలు భుజం మీద చర్మం చిన్నగా అదిరింది. గట్టు మీద సురేంద్ర అద్దాలు తీసేశాడు.

మా అత్త మూడో చెంబు తొందరగా ముంచింది. ఆ అదురు దగ్గరే, భుజం మీద, ధారగా పోసింది. అదురు ఆగింది. పొట్టేలు ఒక పెద్ద ఊపిరి వదిలి, నెమరు వేయడం మొదలుపెట్టింది.

యల్లయ్య లేచి వచ్చాడు. "చెవిలో ఊదుదునా బయ్యమ్మక్కా? ఊదితే దులపనిది ఉండదు."

"ఊదితే అమ్మ ఒప్పుకున్నట్టు కాదు, మనం ఒప్పించినట్టు," అంది మా అత్త.

"ఇంకొక చెంబు పోసి చూద్దామా ఒదినె గారూ," అన్నాడు దుర్గాదేవి వాళ్ళ నాయన. తొడ ముక్క గొంతులోనే వినపడుతోంది.

"మూడే అన్నా. నాలుగోది లేదు." మా అత్త భుజం మీది తువ్వాలు తీసింది. పొట్టేలు వీపు, మెడ, చెవుల వెనక, కడుపు కింద తడి లేకుండా గబగబా తుడిచింది. తుడిచి ఆ తువ్వాలే దాని మీద కప్పింది. దులపడానికి దాని మీద ఒక్క చుక్క మిగల్చలేదు. అప్పుడు రాయి వైపు తిరిగి చేతులు జోడించింది. "తెచ్చినా తల్లీ. నువ్వే వద్దంటివి. నా మాటలో తప్పు లేదు."

నూరిన మసాలా ఉంది. అందరి ఆకలీ ఉంది. చేలో కందికాయలున్నాయి. తలా ఒక చెయ్యి వేసి కాయలు కోసి, ఒలిచి, ఆ పచ్చి కందిగింజల్ని మాంసానికి నూరిన మసాలాలో వేసి ఉడికించాను. యల్లయ్య మూడుసార్లు పెట్టించుకున్నాడు. దుర్గాదేవి వాళ్ళ నాయన మొదటి ముద్ద బాధగా తిన్నాడు. రెండో ముద్దకు ఆ బాధ కొంచెం తగ్గినట్టు కనిపించింది.

గట్టు మీద సురేంద్ర ఫోన్ చేస్తున్నాడు. నేను విస్తరి ఇవ్వడానికి పోయి, కావాలనే నిదానంగా నడిచాను.

"దులపలా," అంటున్నాడు. "మూడుసార్లు పోసినా దులపలా."

అటు నుంచి ఆమె గొంతు, చిన్నగా. "మీరేమన్నా చేసినారా?"

"నేనేం చేయలా. నిలబడినా అంతే."

"నాకు తెలుసులే," అంది. "తిన్నారా?" అని అడిగింది. మంచు విడిపోతోంది. మావాడు ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళద్దాలు లేకుండా, ఆ పసుప్పచ్చ చేను చివరి దాకా చూస్తున్నాడు.

మాఘమాసానికి ముహూర్తం పెట్టారు. మరుసటి సోమవారం దుర్గాదేవి రైలు దిగి, దుకాణానికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. పెరట్లో మెట్టు మీద కూర్చుంది. పొట్టేలు వచ్చి తల ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె రెండు చేతులూ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాలిలో ఉంచి, తర్వాత దాని మెడ మీద పెట్టింది. వంటింటి కిటికీలోంచి నేనూ మా అత్తా చూస్తున్నాం.

"చలికాలం నీళ్ళు చల్లగుంటాయి శివకుమారీ," అంది మా అత్త, చూపు తిప్పకుండా.

"అవునత్తా."

"ఆ పొద్దు మాత్రం లేవు."

నేను కాఫీ వడకట్టాను. చాలా జాగ్రత్తగా వడకట్టాను. దాచి లాభం లేదనిపించింది. "చెయ్యి పెట్టినప్పుడే తెలిసింది కదా. మరి ఎందుకు పోసినావు?"

"నేను మొక్కింది పొట్టేలును ఇస్తానని. నీళ్ళు చల్లగా పోస్తానని మొక్కలా."

"అమ్మకు కోపమొస్తే?"

"వస్తే నీ దగ్గరికొస్తాది. కాచింది నువ్వు." ఆమె కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. "మొక్కు ముందు రాత్రి వాడు నా కాడికి వచ్చినాడు. అమ్మా అన్నాడు. ఇంకేమీ అనలేక వెళ్ళిపోయినాడు. రెండేళ్ళ నుంచి ఆ పొట్టేలుతో మాట్లాడేదాన్ని, నాకు నోరు లేనోళ్ళ మాట తెలియదనుకుంటన్నావా?"

నేను దుర్గాదేవికి గ్లాసులో కాఫీ పోశాను.

"ఇదిగో," అంది గ్లాసు కింద పెడుతూ. "చలి పొయ్యేదాకా దానికి నీళ్ళు నువ్వే కాచి పొయ్యి. అలవాటు చేసినావు కదా."

అప్పటి నుంచి పొద్దున్నే పొట్టేలుకు నీళ్ళు కాచడం నా పని. మోచెయ్యి ముంచి చూసి పోస్తాను. అది కళ్ళు మూసుకుని నిలబడుతుంది. పోసినంతసేపూ కదలదు. నేను చెంబు కింద పెట్టి నాలుగడుగులు వేశాక, నా చీరంతా తడిసేలా ఒళ్ళు దులుపుతుంది.

ఆదివారాలు మాంసం వండుతూనే ఉన్నాను. కాకపోతే పెరటి వైపు కిటికీ మూసి వండుతున్నాను.